కోటేశ్వరరావు గారి కుడి కన్ను

బాపట్ల కొత్తగా జిల్లా కేంద్రమైన సంవత్సరం, వానాకాలంలో, తెనాలిలో నేను పనిచేసే కంటి ఆసుపత్రిలో శిక్షణ విభాగం నాకు అప్పగించారు. సర్జన్‌గా ఎన్నో ఏళ్లు ఆపరేషన్ థియేటర్‌లో గడిపినదాన్ని. తరగతి గదికి వెళ్లమంటే మొదట కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజమే. కానీ పని చిన్నదేమీ కాదు. కోవిడ్‌తో ఆగిపోయిన రిఫ్రెషర్ క్లాసులు మళ్లీ మొదలుపెట్టాలి. చుట్టుపక్కల ఊళ్లలో మా కంటి కేంద్రాలు నడిపే టెక్నీషియన్లందరికీ కొత్త పద్ధతులు నేర్పి, పరీక్ష పెట్టి, వాళ్ల సర్టిఫికెట్ల గడువు పొడిగించాలి.

కంటి కేంద్రం అంటే ఒకటి రెండు గదులు, ఒక టెక్నీషియన్, ఒక సహాయకురాలు. డాక్టరు ఉండరు. వచ్చినవారి చూపు చూడడం, అద్దాలు రాయడం, కంటిలో ప్రెషర్ కొలవడం టెక్నీషియన్ పని. శుక్లమో మరేదైనా జబ్బో అనుమానం వస్తే తెనాలి పంపిస్తారు. ఆయన అనుమానిస్తేనే ఆ రోగి మా దాకా వస్తాడు. ఆయనకు అనుమానం రాకపోతే ఆ జబ్బు మాకు తెలిసే దారే లేదు. అందుకే ఎంత సీనియర్ అయినా రిఫ్రెషర్ పూర్తిచేసి, శిక్షణాధికారి సంతకం ఉంటే తప్ప కేంద్రంలో ఒంటరిగా కూర్చోకూడదన్నది మా ఆసుపత్రి నియమం.

ఆ బ్యాచ్‌లో అందరికంటే పెద్దవారు కోటేశ్వరరావు గారు. హోదా సీనియర్ టెక్నీషియన్. చీరాల దగ్గర నేతపని చేసే కుటుంబంలో పుట్టి, ఇంటర్ తర్వాత ఈ కోర్సు చేసి, ఆసుపత్రి పెట్టిన కొత్తల్లోనే చేరారు. బాపట్లలో కాపురం. వారంలో ఎక్కువ రోజులు బాపట్ల కేంద్రం, మిగతా రోజులు రేపల్లె కేంద్రం చూసేవారు. వానొచ్చినా ఎండొచ్చినా కర్లపాలెం మీదుగా రేపల్లె దాకా మోటారు సైకిల్ మీదే వెళ్లొచ్చేవారు. జూనియర్లు ఆయన్ని గురువుగారు అని పిలిచేవారు. వాళ్లలో సగం మందికి పని నేర్పింది ఆయనే.

మా క్లాసుల్లో ప్రాక్టీసు ఒకరి మీద ఒకరు చేసుకోవాలి. కోటేశ్వరరావు గారు ఎప్పుడూ పరీక్ష చేసేవైపే నిలబడతారని, పేషెంటు కుర్చీలో కూర్చోరని మొదటి రోజే గమనించాను. సీనియర్ కదా, పిల్లలకు నేర్పుతున్నారులే అనుకున్నాను.

రెండో రోజు, అంటే చివరి రోజు, పాఠం నీటికాసులు. ఇంగ్లీషులో గ్లకోమా అంటాం. ఎక్కువమందిలో కంటి లోపల ప్రెషర్ పెరిగి, చూపును మెదడుకు చేరవేసే నరం కొంచెం కొంచెంగా ఎండిపోతుంది. నొప్పి ఉండదు. కంటికెదురుగా ఉన్నది చివరిదాకా బాగానే కనిపిస్తుంది, ముందు పోయేది పక్కచూపు. పైగా రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒక కంటి లోటును రెండోది కప్పేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. మందులతోనో ఆపరేషన్‌తోనో ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే.

పక్కచూపును కచ్చితంగా కొలిచే యంత్రం పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటుంది. కేంద్రాల్లో చేతివేళ్లతో చేసే పరీక్ష ఒకటుంది. పేషెంటుకు ఎదురుగా, చేయిచాపు దూరంలో, సమాన ఎత్తులో కూర్చోవాలి. ఆయన ఎడమకన్ను మూస్తే మనం కుడికన్ను మూయాలి. ఇద్దరూ ఒకరి కంట్లోకి ఒకరు కదలకుండా చూడాలి. ఇద్దరికీ సరిగ్గా మధ్యలో, నాలుగు మూలల్లో వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనాలి. నాకు కనిపించిన వేలు ఆయనకు కనిపించకపోతే అక్కడ లోటు ఉన్నట్టు. చిన్న లోపాలు ఈ పరీక్షకు దొరకవు. దీనికి దొరికిందంటే జబ్బు చాలా దూరం వెళ్లిందనే లెక్క.

చేసి చూపించడానికి కోటేశ్వరరావు గారిని పిలిచాను.

“నేను చేసి చూపిస్తానండి మేడం. పేషెంటుగా ఎవర్నైనా కుర్రాళ్లని కూర్చోబెట్టండి,” అన్నారాయన.

“మీరు కూర్చుంటే వాళ్లు శ్రద్ధగా చూస్తారు. రండి,” అన్నాను.

వచ్చి కూర్చున్నారు. కుడికన్ను పరీక్ష మొదలుపెట్టాను. చెవివైపు పైన రెండు వేళ్లు పెడితే రెండన్నారు. కింద ఒకటి పెడితే ఒకటన్నారు. చెయ్యి మార్చి ముక్కువైపు కింద రెండు వేళ్లు పెట్టి ఎన్నని అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను.

“ముందు వేళ్లు పెట్టండి మేడం,” అన్నారు నవ్వుతూ.

క్లాసంతా ఘొల్లున నవ్వింది. పక్కనుంచి చూస్తున్నవాళ్లకు నా రెండు వేళ్లూ కనిపిస్తూనే ఉన్నాయి. గురువుగారు హాస్యమాడారనుకున్నారు వాళ్లు. ఆ నవ్వు విన్న మరుక్షణం ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. నా కంట్లోకే చూస్తున్న ఆ కన్ను మాత్రం కదల్లేదు.

పైమూలకు చెయ్యి జరిపాను. అక్కడా అంతే. “సరే, పద్ధతి చూశారు కదా, జంటలుగా విడిపోయి చేయండి,” అని లేచాను. అందరి ముందూ అంతకంటే పొడిగించదలుచుకోలేదు. వెనక వరసలో నిలబడిన హసీనా మాత్రం నవ్వలేదు. శిక్షణలో నాకు సహాయంగా ఉండే ఆప్టోమెట్రిస్టు, అంటే చూపు పరీక్షల్లో డిగ్రీ చేసిన అమ్మాయి. తను ఒక్కసారి నావైపు చూసి తల దించుకుంది.

టీ విరామంలో ఆయన్ని వరండాలో కలిసి, సాయంత్రం క్లాసయ్యాక నా గదికి రమ్మన్నాను. “అలాగేనండి” అన్నారు. ఎందుకని అడగలేదు. అడగకపోవడమే నన్ను కలవరపెట్టింది.

సాయంత్రం ఆయన రాలేదు. హసీనాను పంపితే తిరిగొచ్చి చెప్పింది: “సార్ వెళ్లిపోయారు మేడం. వానొచ్చేలా ఉంది, బయల్దేరతానన్నారంట.”

ఆకాశం నిజంగానే నల్లగా కమ్ముకుని ఉంది. తెనాలి నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లే దారి నాకు బాగా తెలుసు. లారీలు, ట్రాక్టర్లు, సాయంత్రం ఇంటిదారి పట్టిన గేదెలు. ఆ మనిషి కంటికి ఒక పక్క లోకమే లేదు. రెండో కన్ను ఎలా ఉందో నాకింకా తెలియదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. అసలు నేను ఫోన్ చేయడమే ప్రమాదమేమో, జేబులోంచి తీయబోయి పడతారేమో అని వెంటనే పెట్టేశాను.

చివరికి ఇంటి నంబరుకు చేశాను. ఆయన భార్య అన్నపూర్ణ గారు ఎత్తారు.

“బండి మీదుంటే ఆయన ఫోన్ ఎత్తరండి. ఏంటండి మేడం, ఏమైనా జరిగిందాండి?”

ఏం చెప్పాలి? ఒకరి జబ్బు సంగతి ఆయన అనుమతి లేకుండా కట్టుకున్న భార్యకైనా చెప్పకూడదు. అదీగాక నేను చూసింది ఒక అనుమానమే. సర్టిఫికెట్ విషయం మాట్లాడాలి, ఇంటికి రాగానే ఒకసారి ఫోన్ చేయించమన్నాను.

ఆవిడ ఊరుకోలేదు. “వాన వచ్చేస్తోందండి ఇక్కడ. ఈమధ్య రెండుసార్లు బండి మీంచి పడ్డారండి. మొన్న కర్లపాలెం దగ్గర స్పీడ్ బ్రేకర్ చూసుకోలేదంట. ఏంటండీ అంటే రోడ్డు బాలేదంటారు.”

స్పీడ్ బ్రేకర్ ఉండేది చూపు కిందిభాగంలో. అంటే ఎడమకన్ను కూడా ఆ లోటును పూరించడం లేదు. గదిలో కూర్చోలేక వార్డులోకి వెళ్లాను. అక్కడ నిలబడలేక మళ్లీ గదిలోకి వచ్చాను. ఆపరేషన్ మధ్యలో చిక్కొస్తే చేతికి చేసే పని ఏదో ఒకటి ఉంటుంది. అలా ఫోన్ చూస్తూ కూర్చోవడం మాత్రం నాకు ఎప్పుడూ అలవాటు కాలేదు. వాన తెనాలిలో కురిసి వెలిసిన చాలాసేపటికి అన్నపూర్ణ గారు ఫోన్ చేశారు.

“వచ్చారండి. తడిసి ముద్దయిపోయారు. మాట్లాడమంటే తర్వాత చేస్తానంటున్నారండి.”

ఆయన తర్వాత చేయలేదు.

నియమం ప్రకారం టెక్నీషియన్ చూపులో లోపం బయటపడితే శిక్షణాధికారి మెడికల్ సూపరింటెండెంట్ గారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. వెంటనే రాస్తే మర్నాడే ఆయన్ని కేంద్రం నుంచి తప్పిస్తారు. రాయకపోతే ఆయన చూస్తున్న రోగుల మాటేంటి? ప్రెషర్ కొలవకుండా, నరం చూడకుండా వేళ్ల పరీక్ష ఒక్కదాన్ని పట్టుకుని మనిషి ఉద్యోగం మీద రాయడం సబబు కాదనిపించింది. పొద్దున్నే రైలెక్కి బాపట్ల వెళ్లాను.

కేంద్రం అప్పుడే తెరిచారు. రామాపురం నుంచి వచ్చిన ఒక బెస్త మనిషికి ఆయన అద్దాలు మార్చి మార్చి చూపిస్తున్నారు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, పని కొనసాగించారు. ఆ మనిషికి రాసిన నంబరు నేను సరిచూశాను. సరిగ్గానే ఉంది. ఎదురుగా ఉన్నదాన్ని చూసే పనిలో ఆయనకు ఏ లోటూ లేదు. ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం అదే.

సహాయకురాలిని బయట కూర్చోమని తలుపు వేశాను. నేనేమీ అడగకముందే ఆయనే అన్నారు:

“వేళ్లు పెట్టారు కదండీ.”

“పెట్టాను.”

“వాళ్లు నవ్వినప్పుడు తెలిసిందండి.”

“అంతకుముందు తెలియదా?”

“లాక్‌డౌన్‌లో ఇంట్లో ఉన్నప్పుడు అనుమానం వచ్చిందండి. గుమ్మం తగలడం, గ్లాసు పక్కన పెట్టబోతే కింద పడటం... మేడం, నేను రోజూ పేషెంట్లకి చెప్పే లక్షణాలే.”

“మరి ప్రెషర్ చూసుకోలేదా? యంత్రం మీ గదిలోనే ఉంది కదండీ.”

“అందుకే చూసుకోలేదండి. చూసుకుంటే తెలిసిపోతుంది కదా.”

కుర్చీ చూపించాను. ఈసారి మారుమాట లేకుండా కూర్చున్నారు. ప్రెషర్ ఇరవై ఒకటి దాకా మామూలు అంటాం. ఆయనకు కుడికంట్లో ముప్పై నాలుగు, ఎడమకంట్లో ఇరవై ఎనిమిది. కంటి లోపలిదాకా చూపించే స్లిట్ ల్యాంప్ కింద చూస్తే కుడికంటి నరం తెల్లగా పాలిపోయింది. మధ్యలో ఉండే గుంట అంచుల దాకా పెరిగింది. ఎడమది ఇంకా కొంత నయం. ఆ చుక్కల మందు ఆయాసం ఉన్నవాళ్లకు పడదు కాబట్టి ఆ జబ్బేమైనా ఉందా అని అడిగి, లేదన్నాక అక్కడే మొదలుపెట్టాను.

“ఉద్యోగం పోతుందాండి?” అని అడిగారు.

నిర్ణయం నాది కాదని, చూసింది చూసినట్టు రాస్తానని, నిన్నటి క్లాసు సర్టిఫికెట్ మీద సంతకం మాత్రం పెట్టలేనని చెప్పాను. బండి నడపొద్దని, ఇంట్లో చెప్పక తప్పదని కూడా చెప్పాను. ఆయన తల ఊపారు తప్ప నావైపు చూడలేదు.

నీటికాసులు రక్తసంబంధంలో వచ్చే జబ్బు. అందుకని ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని తప్పనిసరిగా అడగాలి. అడిగాను.

“నాన్నగారికి చివర్లో కనిపించేది కాదండి. గుంట మగ్గం మీద కూర్చుని కూర్చుని కళ్లు పోయాయనుకునేవాళ్లం. నేనీ కోర్సులో చేరక ముందే పోయారు.”

“తోడబుట్టినవాళ్లు?”

“ఒక్కతే చెల్లెలండి. రేపల్లెలో ఉంటుంది.” అంతదాకా నావైపు చూడని మనిషి తలెత్తి చూశారు. “దానికి చత్వారం అద్దాలు నేనే ఇస్తుంటానండి. ఇంటికెళ్లినప్పుడు అక్కడే చూసి ఇచ్చేస్తా. ప్రెషర్ ఎప్పుడూ చూళ్లేదు మేడం. ఒక్కసారి కూడా చూళ్లేదు.”

తన కుడికన్ను సగానికి పైగా పోయిందని విన్నప్పుడు కూడా ఆయన అంత బెదిరిపోలేదు.

ఆ సాయంత్రమే సూపరింటెండెంట్ గారికి నివేదిక ఇచ్చాను. ఆ వారంలోనే హసీనాను వెంటబెట్టుకుని తెనాలి నుంచి రేపల్లె పాసింజర్ ఎక్కాను. జంపని, వేమూరు, భట్టిప్రోలు దాటుతున్నంతసేపూ హసీనా, సరిచూసుకోవడానికి ఆసుపత్రి నుంచి తెచ్చిన ప్రెషర్ యంత్రం పెట్టెను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకునే కూర్చుంది. కోటేశ్వరరావు గారు భార్యతో బస్సులో వచ్చి మాకోసం ఎదురుచూస్తున్నారు. చెల్లెలికి కారణం చెప్పారా అంటే లేదన్నారు. తన జబ్బు మాట ఎత్తకుండా మమ్మల్నే చెప్పమన్నారు.

ఆవిడ పేరు సామ్రాజ్యం. బజారులో మ్యాచింగ్ సెంటర్ నడుపుతూ, మధ్యమధ్య చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఆ దుకాణానికే వెళ్లి, తండ్రిగారి చూపు పోయిన సంగతి ఎత్తి, కంటి కేంద్రానికి వచ్చి పరీక్ష చేయించుకోమంటే ఆశ్చర్యపోయింది.

“నాకేంటండి, సూదిలో దారం కూడా ఎక్కిస్తున్నా. అయినా అన్నయ్యే కంటి డాక్టరు కదాని మేమెప్పుడూ ఏ ఆసుపత్రికీ పోలేదండి.”

ఆ మాట అన్నప్పుడు కోటేశ్వరరావు గారు దుకాణం మెట్ల మీదే ఉండిపోయారు. కేంద్రానికి వచ్చాక కూడా గదిలోకి రాలేదు. నేను చెల్లెలికి ఎదురుగా కూర్చుని వేళ్లు చూపించాను. కుడికన్ను, నాలుగు మూలలూ చెప్పింది. ఎడమకన్ను, నాలుగు మూలలూ చెప్పింది. హసీనా గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. నేను వదల్లేదు. ఈ పరీక్షకు తొలిదశ జబ్బు చిక్కదు. ప్రెషర్ చూశాం. కుడి ఇరవై ఆరు, ఎడమ ఇరవై ఏడు. నరంలో తేడా ఉంది, కానీ అన్నగారి నరంతో పోల్చదగినది కాదు. తర్వాత తెనాలిలో యంత్రం మీద చేసిన పరీక్షలో ఎడమకంట ఒక మూల చిన్న మచ్చంత లోటు కనిపించింది. అంతే. మందుతో ఆపగలిగిన దశ.

ఆ రోజు రేపల్లెలో గది బయటికి వచ్చి ప్రెషర్ సంగతి చెబితే కోటేశ్వరరావు గారు గోడకు ఆనుకున్నారు. “ఉందా అయితే,” అన్నారు. “ఉంది. కానీ టైముకి దొరికింది,” అన్నాను. సామ్రాజ్యం వెనకే వచ్చింది. అన్నగారి జబ్బు సంగతి అప్పుడే అన్నపూర్ణ గారు ఆవిడ చెవిన వేశారు.

“నీ కంట్లో ఇంత పెట్టుకుని నా కళ్లకి అద్దాలు తెచ్చావా అన్నయ్యా?” అంది. అంతకంటే ఏమీ అనలేదు. చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

ఆయన కుడికంటికి ప్రెషర్ తగ్గించే ఆపరేషన్ తెనాలిలో నేనే చేశాను. ప్రెషర్ దిగింది. పోయిన చూపు రాలేదు, వస్తుందని నేను చెప్పనూ లేదు. సూపరింటెండెంట్ గారు ఆయన్ని కేంద్రం బాధ్యత నుంచి తప్పించి, మందులు వాడే పద్ధతి రోగులకు వివరించే కౌన్సెలర్‌గా బాపట్లలోనే వేశారు. జీతం తగ్గలేదు. హోదా తగ్గిందని ఆయన బాధపడ్డారు. ఆ బాధంతా నా మీద చూపించారు. నేను రిటైరయ్యేదాకా నాతో డ్యూటీకి సంబంధించినవి తప్ప వేరే మాట మాట్లాడలేదు. అది నాకు కష్టంగానే ఉండేది. చెల్లెల్ని మాత్రం పరీక్షలకు ఆయనే దగ్గరుండి తీసుకొచ్చేవారు. రిటైరయ్యేనాటికి నేను చూసిన చివరి పరీక్షలో ఆవిడ పక్కచూపు మొదట ఎలా ఉందో అలాగే ఉంది.

తర్వాతి బ్యాచ్ నుంచి ఒక నియమం పెట్టించాను. రిఫ్రెషర్ మొదటి గంటలో పాఠం ఉండదు. వచ్చిన ప్రతి టెక్నీషియన్‌కూ, ఆప్టోమెట్రిస్టుకూ, పాఠం చెప్పే డాక్టరుకూ ప్రెషర్, నరం, పక్కచూపు పరీక్షిస్తారు. వద్దనే వీలు లేదు. మొదటిసారి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, ముందు నేనే వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. ఎన్ని వేలమందికి ప్రెషర్ చూసి ఉంటానో, నాకు ఎవరూ చూసి చాలా కాలమైంది. గడ్డం ఆనించాక హసీనా యంత్రాన్ని దగ్గరకు జరిపింది. అంకె చెప్పడానికి తను తీసుకున్న ఆ కాస్త సమయంలో లేచి వెళ్లిపోవడానికి ఏదైనా సాకు దొరికితే బాగుండుననిపించింది.

“పదహారు, పదిహేను మేడం. నార్మల్,” అంది.

జబ్బు గురించి అంతా తెలిసినవాళ్లు పరీక్షకు వాళ్లంతట వాళ్లే వస్తారని అప్పటిదాకా అనుకునేదాన్ని. తెలిసినవాళ్లకు భయం ఇంకా ఎక్కువ. పాఠం ఎంత బాగా చెప్పినా అది ఆ భయాన్ని తీసేయదు. అందుకే వంతు వచ్చినప్పుడు ప్రతి ఒక్కరూ ఆ కుర్చీలో కూర్చోక తప్పని ఏర్పాటు ఉండాలి. శిక్షణ విభాగంలో నేను చేసిన పనుల్లో, నా తర్వాత వచ్చినవారు మార్చకుండా ఉంచింది ఆ మొదటి గంట ఒక్కటే.